కొత్త కారు పెయింట్‌లో లోపం కనిపిస్తే: ఏది పాలిష్‌తో పోతుంది, దేనికి పెయింట్ వేయించాలి, ఏ కారు వెనక్కి ఇవ్వాలి

కొత్త కారు మీద ఒక బుడిపో మచ్చో కనిపించగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట, "ఈ డోర్‌కు మళ్ళీ పెయింట్ వేసి ఇవ్వండి" అని. ఎక్కువ సందర్భాల్లో అడగకూడని మాట అదే. షోరూమ్‌వారు వెంటనే తలూపితే మన మాట నెగ్గినట్టే అనిపిస్తుంది గానీ, ఆ ఒప్పందంలో పోయేది ఏమిటో తెలియాలంటే ఫ్యాక్టరీలో పెయింట్ ఎలా పడుతుందో కొంత తెలిసి ఉండాలి.

అద్దాలు, సీట్లు, వైర్లు, రబ్బరు బీడింగులు ఏవీ బిగించకముందే, బాడీ ఉత్త లోహపు గుల్లగా ఉన్న దశలోనే పెయింట్ పని జరుగుతుంది. బాడీని మొదట ఫాస్ఫేట్ లాంటి ద్రావణంలో, ఆ తరువాత విద్యుత్తు సాయంతో ప్రైమర్‌ను అంటించే తొట్టిలో ముంచుతారు కాబట్టి, చేయి దూరని మడతల్లోకి కూడా తుప్పును ఆపే ఆ తొలి పొర చేరుతుంది. ఇది దాదాపు 20 మైక్రాన్ల మందం ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 160 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో గట్టిపడుతుంది. చాలా ఫ్యాక్టరీల్లో దాని మీద మరో ప్రైమర్ పొర, దాని మీద 10 నుంచి 20 మైక్రాన్ల రంగు పొర, అన్నిటికన్నా పైన 35 నుంచి 50 మైక్రాన్ల క్లియర్ కోట్ అనే రంగులేని పారదర్శక పొర వేసి, దాదాపు 140 డిగ్రీల వద్ద మళ్ళీ కాలుస్తారు. అన్నీ కలిపి సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఒకటి రెండు తలవెంట్రుకల మందం.

బిగింపు పూర్తయిన కారును ఆ వేడిలో పెట్టలేరు. ప్లాస్టిక్కు, రబ్బరు, ఎలక్ట్రానిక్ భాగాలు తట్టుకోవు. అందుకే బయట వేసే పెయింట్‌ను గట్టిపరిచే రసాయనం కలిపి, దాదాపు 60 డిగ్రీల వేడి ఉండే పెయింట్ గదిలో (బూత్‌లో) ఆరబెడతారు. మంచి పనివాడు మంచి బూత్‌లో వేస్తే అది ఏళ్ళ తరబడి నిలుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ నాణ్యత పూర్తిగా ఆ రోజు స్ప్రే గన్ పట్టిన చేతి మీద ఆధారపడి ఉంటుంది. అందువల్ల లోపాన్ని పోగొట్టగల పనుల్లో అన్నిటికన్నా చిన్న పనిని ఎంచుకోవడం, ఆ చిన్న పనితో పోనప్పుడే తరువాతి దానికి వెళ్ళడం సరైన పద్ధతి.

చూడవలసిన వేళ, చూడవలసిన తీరు

డెలివరీ కాగితాల మీద సంతకం పెట్టకముందే, వీలైతే రిజిస్ట్రేషన్ కూడా కాకముందే కారును చూడాలి. మీ పేరు మీదకు వచ్చేదాకా ఇంకో కారు ఇవ్వమని అడగడం తేలిక. వచ్చిన తరువాత మాట్లాడగలిగేది మరమ్మతు గురించే. రిబ్బన్లు, పూలదండలు కట్టి, చుట్టూ ఇంటిల్లిపాదీ ఫోటోలకు నిలబడి ఉన్న వేళ ఎవరూ పెయింట్‌ను నిదానంగా చూడలేరు కాబట్టి, ఈ పనికి డెలివరీ రోజు కాకుండా ముందు రోజే వెళ్ళడం మంచిది. కారు కడిగి ఆరిన తరువాత చూడాలి. దుమ్ము మీదా, నీటి చుక్కల మీదా ఏ లోపమూ తెలియదు. పెయింట్‌కు రక్షణగా పూసే సిరామిక్ కోటింగో, అతికించే పారదర్శక పీపీఎఫ్ ఫిల్మో ముందే వేసి సిద్ధంగా ఉంచుతామంటే, మీరు చూసేదాకా ఏదీ వేయవద్దని రాతపూర్వకంగా చెప్పండి. కోటింగ్ కింద ఉండిపోయిన గీతను తీయాలంటే ముందు ఆ కోటింగ్‌ను తీయాలి.

మొదట ఆరుబయట, మబ్బు పట్టినట్టుండే సమానమైన వెలుతురులో రంగు చూడండి. మెటాలిక్ రంగైతే ఎదురుగా ఒకసారి, రెండు పక్కల వాలు నుంచి చెరొకసారి చూడాలి. ఎదురుగా కలిసిపోయిన ఫెండరూ డోరూ వాలు నుంచి వేర్వేరుగా కనిపించడం మామూలే. తరువాత ట్యూబ్‌లైట్లు వరుసగా ఉన్న షెడ్డులోకి తెచ్చి, ప్యానెల్‌లో ఆ లైట్ల ప్రతిబింబాన్ని చూస్తూ మెల్లగా నడవండి. గీత తిన్నగా సాగుతూ ఒకచోట వంకర పోతే అక్కడ సొట్ట గానీ, అరగదీసిన గుర్తు గానీ, పెయింట్ జారిన చోటు గానీ ఉంటుంది. చివరగా చిన్న ఎల్ఈడీ టార్చిని ఏటవాలుగా పట్టి ప్యానెల్ ప్యానెల్‌గా చూడాలి.

ఎక్కువమంది వదిలేసే చోట్లు కొన్ని ఉన్నాయి. రూఫ్ వాటిలో మొదటిది. పొట్టివాళ్ళయినా పొడుగువాళ్ళయినా కొత్త కారు రూఫ్ చూసేవారు అరుదు. డోర్ల అంచులు, డోర్ తెరిస్తే కనిపించే చట్రం, పెట్రోలు మూత లోపలి భాగం, బానెట్ ముందు అంచు కింద, డోర్ల అడుగున ఉండే సిల్, బంపర్ మూలలు తరువాతివి. పలుచని ప్లాస్టిక్ కవరు చేతికి తొడిగి ప్యానెల్ మీద మెల్లగా పోనిస్తే, ఒట్టి వేళ్ళకు తెలియని గరుకు కూడా తెలుస్తుంది.

కనిపించింది ఏమిటి

లోపాలు మూడు చోట్ల పుడతాయి: పెయింట్ షాపులో, రవాణాలో, షోరూమ్‌లో. ఎక్కడ పుట్టిందన్నది చికిత్సకు ముఖ్యం. డెలివరీకి ముందే కనిపించినప్పుడు "ఇది కంపెనీ తప్పు, మాది కాదు" అన్న వాదనలోకి మాత్రం మీరు దిగనక్కరలేదు. వాళ్ళ మధ్య లెక్క వాళ్ళు చూసుకుంటారు.

పెయింట్ షాపు లోపాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ధూళి బుడిపె. పెయింట్ తడిగా ఉండగా వాలిన పోగో రేణువో అందులో ఇరుక్కుని, పైన ఆవగింజ కన్నా చిన్న బుడిపెగా నిలుస్తుంది. గోటికి తగిలితే అది క్లియర్ కోట్‌లో పైకే ఉన్నట్టు. కంటికి కనిపిస్తూ గోటికి తగలకపోతే కింద రంగు పొరలో ఉన్నట్టు. ఈ తేడా తరువాత అక్కరకు వస్తుంది. గుండ్రంగా, చుట్టూ చిన్న గట్టు ఉన్న గుంట కనిపిస్తే, ఉపరితలం మీద సిలికాన్ లాంటి జిడ్డు ఉండి పెయింట్ అక్కడి నుంచి పక్కకు తొలగిందన్నమాట. ఒకేచోట సూదిమొనల్లాంటి రంధ్రాలు గుంపుగా ఉంటే, పొర లోపలి ద్రావకం పూర్తిగా ఆవిరి కాకముందే పైభాగం గట్టిపడి, ఆ తరువాత ఆవిరి దాన్ని చీల్చుకుని బయటికి వచ్చింది. నిలువు ప్యానెళ్ళ మీద కన్నీటి ధార లాంటి జారుడు, మెటాలిక్ రంగుల్లో మబ్బులు మబ్బులుగా లేదా చారలుగా కనిపించే అసమానత, క్లియర్ కోట్ కింద బందీ అయిన ఎమెరీ (గరుకు కాగితపు) గీతలు కూడా ఇక్కడ పుట్టేవే.

బత్తాయి తొక్కలా ఎగుడుదిగుడుగా కనిపించే ఆరెంజ్ పీల్ గురించి వచ్చినన్ని ఫిర్యాదులు దేనికీ రావు. నిజానికి కొంత ఆరెంజ్ పీల్ లేని ఫ్యాక్టరీ కారు దాదాపు ఉండదు. నిలువు ప్యానెళ్ళ మీద పెయింట్ జారకూడదని పలుచగా వేస్తారు కాబట్టి, బానెట్ మీద కంటే డోర్ల మీద అది ఎక్కువగా ఉంటుంది. చూడవలసింది అది ఉందా లేదా అని కాదు, ఒకే ఎత్తులో ఉన్న రెండు డోర్ల మధ్య తేడా ఉందా అని. అదే మోడల్, అదే రంగు కారు ఇంకొకటి యార్డులో ఉంటే పక్కపక్కన నిలబెట్టించి చూడండి. రెంటి మీదా ఒకేలా ఉంటే అది ఆ కంపెనీ పెయింట్ తీరు, ఫిర్యాదుకు నిలవదు. ఒక్క డోర్ మాత్రం మిగతా కారుకు భిన్నంగా ఉంటే, ఆ డోర్‌కు మళ్ళీ పెయింట్ పడి ఉండవచ్చు.

బంపర్ రంగు ఫెండర్‌తో కలవకపోవడం కూడా తరచు వచ్చే ఫిర్యాదే. బంపర్ ప్లాస్టిక్‌ది, దానికి పెయింట్ వేరే లైనులో, ఒక్కోసారి వేరే సరఫరాదారు దగ్గరే పడుతుంది. వంపు వేరు కాబట్టి వెలుతురు కూడా వేరుగా పడుతుంది. నాలుగడుగుల దూరం నుంచి, రెండు మూడు కోణాల్లో చూసినా తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తేనే పట్టుబట్టండి. అప్పుడు అడగవలసింది బంపర్ మార్చి ఇవ్వమని. దానితో కలపడానికి మంచి ఫెండర్ మీద పెయింట్ వేయమని కాదు.

రవాణాలో వచ్చేవి వేరు. తెల్లని కారు మీద నారింజ రంగు చుక్కలు కనిపిస్తే చాలామంది తుప్పు మొదలైందని హడలిపోతారు. చాలాసార్లు అవి రైలు పట్టాల నుంచో బ్రేకుల నుంచో ఎగిరి వచ్చి క్లియర్ కోట్ మీద గుచ్చుకున్న ఇనుప రజను. ఇనుమును కరిగించే ఐరన్ రిమూవర్ ద్రవం చల్లితే ఊదారంగుకు తిరిగి కరుగుతుంది, మిగిలింది ఉపరితలం మీది రజను లాగేసే మెత్తని ముద్ద లాంటి క్లే బార్‌తో పోతుంది. ట్రక్కు మీదికి ఎక్కించేటప్పుడు డోర్ అంచుల పెయింట్ రాలడం, యార్డులో పక్షి రెట్ట పడి మచ్చ పట్టడం కూడా ఈ కోవలోవే. ఇక షోరూమ్‌వారి చేతి పని ఎండలో బయటపడుతుంది: సాలెగూడు లాంటి సన్నని గీతలు మురికి గుడ్డతో తుడిచినందుకు, నడిస్తే కదిలినట్టుండే పొగమంచు చారలు తొందరగా మెషిన్ పాలిష్ కొట్టినందుకు.

మందం కొలిచే మీటర్

పెయింట్ మందం కొలిచే మీటర్ ఎవరి దగ్గరైనా దొరికితే తీసుకెళ్ళండి. ఉక్కు మీదా అల్యూమినియం మీదా రెంటి మీదా పనిచేసేది కావాలి; మామూలు మీటర్లు ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయవు. ఒక్కో ప్యానెల్ మీద ఐదారు చోట్ల కొలిచి రాసుకోవాలి. ఇక్కడ ఏ ఒక్క అంకె కన్నా అంకెల మధ్య పొందిక ముఖ్యం. కారంతా 110, 118, 125 అని చూపిస్తూ ఒక ఫెండర్ 240 చూపిస్తే, దానికి రెండోసారి పెయింట్ పడిందని దాదాపు చెప్పవచ్చు. అనేక వందల మైక్రాన్లు దాటి, అంగుళం అంగుళానికీ అంకె మారిపోతుంటే కింద సొట్ట పూడ్చిన పుట్టీ ఉంటుంది.

240 కనిపించినంత మాత్రాన కారు ఎక్కడో గుద్దుకుందని తేల్చేయకూడదు. ఫ్యాక్టరీలోనే లోపం దొరికి, బాడీని మళ్ళీ లైనులోకి పంపి పూర్తి వేడిలో కాల్చే సందర్భాలు ఉంటాయి. దాన్ని బయటి పనితో వేరు చేసేవి ఇతర గుర్తులు: బీడింగ్ మీద పడిన పెయింట్ తుంపర, డోర్ చట్రంలో మాస్కింగ్ టేపు వదిలిన గీత, పెయింట్ కింద చిక్కుకున్న స్టిక్కరు, రెంచి పట్టి పెయింట్ రేగిన బానెట్ లేదా ఫెండర్ బోల్టులు. మీటర్ చూపేది మొత్తం మందమేనని, అందులో క్లియర్ కోట్ ఎంతో అది చెప్పదని కూడా గుర్తుంచుకోవాలి. మొత్తమే 80 దగ్గర ఉన్న ప్యానెల్‌ను పాలిష్ చేయనివ్వడానికి రెండుసార్లు ఆలోచించాలి.

రాత లేని ఫిర్యాదు నిలవదు

"ముందు తీసుకెళ్ళండి సార్, మొదటి సర్వీస్‌లో చేసేస్తాం" అన్న మాట ప్రతి షోరూమ్‌లోనూ వినిపిస్తుంది. అన్నవారు ఆ సర్వీస్ నాటికి అక్కడ పనిచేస్తుంటారన్న నమ్మకం లేదు. కనిపించిన ప్రతి లోపం డెలివరీ కాగితం మీదే నమోదై, వారి సంతకం ఉండాలి. దానితోపాటు అదే రోజు ఈమెయిల్ పంపండి: ఛాసిస్ నంబరు, తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, ఏ ప్యానెల్ మీద ఏ మూల నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఏమి ఉంది, మీరు ఏమి కోరుతున్నారు, ఎన్నాళ్ళలో. "పెయింట్ బాగాలేదు" అని రాస్తే "పరిశీలించాం, ప్రమాణాలకు లోబడే ఉంది" అని జవాబు వస్తుంది. "ఎడమ వెనుక డోర్, హ్యాండిల్‌కు 12 సెంటీమీటర్ల కింద, 2 మిల్లీమీటర్ల గుంట" అని రాస్తే అలా తప్పించుకోవడం కష్టం.

మెరిసే ఉపరితలాన్ని ఫోటో తీస్తే ఫోన్ కెమెరా తరచు ప్రతిబింబాన్నే పట్టుకుంటుంది. లోపం పక్కనే చిన్న మాస్కింగ్ టేపు ముక్క అతికించి, దాని మీద ఫోకస్ పెట్టి, పక్కన స్కేలు ఉంచి తీయండి. ప్యానెల్ మొత్తం కనిపించేలా ఒకటి, దగ్గర నుంచి ఒకటి, నంబరు ప్లేటో ఛాసిస్ నంబరో కలిసేలా ఒకటి ఉండాలి. రంగు తేడాను ఫోటో సరిగా పట్టదు, వీడియో నయం.

డెలివరీ అయిపోయిన తరువాత గమనించినా ఇదే పద్ధతి, ఆలస్యం చేయకుండా. వారంటీ పుస్తకంలో పెయింట్ లోపాలకు ఒక గడువు, రేకుకు చిల్లు పడేంత తుప్పుకు వేరే గడువు ఉండడం మామూలు; రాళ్ళ దెబ్బలు, పక్షి రెట్టలు, పారిశ్రామిక ధూళి సాధారణంగా మినహాయింపుల్లో ఉంటాయి. ఆ పేజీ చదివాకే మాట్లాడండి. షోరూమ్‌లో పని జరగకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు, ప్రాంతీయ ప్రతినిధికి అదే ఈమెయిల్ వరుసను పంపాలి. ప్రతిసారీ కొత్తగా కథ మొదలుపెట్టకూడదు.

ఏ లోపానికి ఎంత పని

సాలెగూడు గీతలకు, మెషిన్ చారలకు సన్నని పాలిష్ చాలు. చేసేది షోరూమ్ వారే అయితే, చారలు పెట్టిన అదే చేతికి మళ్ళీ అప్పగించకుండా, డీటెయిలింగ్ (కారు శుభ్రం, పాలిష్ పని) బాగా తెలిసినవారితో షోరూమ్ ఖర్చు మీద చేయించమని అడగవచ్చు.

గోటికి తగిలే ధూళి బుడిపెకు చేసే పని చిన్నదే గానీ ఒడుపుగా చేయాలి. వేలి గోరంత గట్టి దిమ్మెకు 2000 లేదా 2500 నంబరు వాటర్ పేపర్ చుట్టి, సబ్బు నీటితో తడిపి, బుడిపె తల మాత్రమే తగిలేలా నాలుగైదు సార్లు తేలికగా కదిపి తుడిచి చూడాలి. మొదట బుడిపె కొన మీద మాత్రమే మెరుపు పోయి చుక్కంత మసక కనిపిస్తుంది. ఆ మసక విస్తరించి చుట్టూ ఉన్న ఉపరితలాన్ని తాకగానే ఆపాలి. వేలికే కాగితం చుట్టి రుద్దితే బుడిపె చుట్టూ గుంట పడుతుంది, అది బుడిపె కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కాగితం మీదికి తెల్లని పాల లాంటి నీరు వస్తే అరుగుతున్నది క్లియర్ కోట్. కారు రంగు వస్తే రంగు పొర తగిలినట్టే, అక్కడితో పని ఆపాలి. తెల్ల కారులో ఈ హెచ్చరిక అందదు కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. తరువాత 3000 నంబరు కాగితం, గీతలు తీసే కాంపౌండ్ పేస్టు, సన్నని పాలిష్ వరుసగా. ప్యానెల్ అంచులకు, మడత గీతలకు దగ్గర్లో ఈ పని చేయకూడదు, అక్కడ పొర పలుచన. మ్యాట్ పెయింట్ మీద అసలే చేయకూడదు. పాలిష్ తగిలిన మేర అది మెరిసిపోతుంది, ఆ మెరుపు ఇక పోదు.

గోటికి తగలని, రంగు పొరలో ఉన్న రేణువును ఎంత అరగదీసినా పోదు. చేయి చాచిన దూరం నుంచి కనిపించకపోతే వదిలేయమనే నా సలహా. విడి గుంట విషయంలోనూ అంతే. లోతుగా ఉంటే చుక్క క్లియర్ వేసి నింపి, సమం చేయించవచ్చు. జారుడు ఉన్నచోట పెయింట్ మందంగానే ఉంటుంది కాబట్టి, భయపడినంత ప్రమాదం లేకుండా అనుభవజ్ఞులు దాన్ని సమం చేయగలరు. ఆరెంజ్ పీల్‌ను పోగొట్టడానికి కారంతా అరగదీయించే మోజు మాత్రం వద్దు. ఎండ నుంచి రంగును కాపాడే పదార్థం ఉన్నది ఆ క్లియర్ కోట్‌లోనే.

అంచున పెయింట్ రాలి లోహం కనిపిస్తే ఆ రోజే టచప్ వేయించాలి, అది ఆగే లోపం కాదు. కారు రంగు కోడ్‌కు సరిపోయే టచప్ పెయింట్‌ను సన్నని కుంచెతో పలుచని పొరలుగా, ఒకటి ఆరాక ఒకటి వేసి, పైన క్లియర్ వేయాలి. ఒక్కసారే పెద్ద బొట్టు పెడితే అది బొట్టుగానే మిగిలిపోతుంది.

గుంపుగా ఉన్న సూది రంధ్రాలు, మబ్బుల్లాంటి మెటాలిక్ అసమానత, బందీ అయిన ఎమెరీ గీతలు, అంచున పైకి లేస్తున్న క్లియర్ కోట్ పాలిష్‌కు లొంగవు. ఇవి బయటికి విడదీయగల ఒక్క డోర్ మీదో బానెట్ మీదో ఉంటే పెయింట్ వేయించుకోవచ్చు. రూఫ్ మీదో, రూఫ్‌తో అతుకు లేకుండా కలిసిపోయే వెనుక పక్క ప్యానెల్ మీదో ఉంటే, లేదా మూడు పొరల ముత్యపు తెలుపు లాంటి రంగు మీద ఉంటే, ఇంకో కారు అడగడమే మేలు. పుట్టీ పట్టిన కారు, బోల్టులు విప్పిన కారు విషయంలో నేను బేరానికి కూడా ఒప్పుకోను. అది పెయింట్ లోపం కాదు, చెప్పకుండా దాచిన మరమ్మతు.

పెయింట్ తప్పనప్పుడు

పని మొదలుకాకముందే కొన్ని విషయాలు జాబ్ కార్డ్‌లో రాయించండి. హ్యాండిళ్ళు, కిటికీ అద్దాల బీడింగ్, పక్క అద్దం (మిర్రర్) కేస్ విప్పి వేస్తారా, టేపు చుట్టి వేస్తారా? విప్పాలి, టేపు అంచున పెయింట్ ముందుగా లేస్తుంది. రంగు కోడ్‌తో కలిపిన పెయింట్‌ను ముందు ఒక రేకు ముక్క మీద క్లియర్‌తో సహా వేసి, ఆరాక కారు పక్కన పెట్టి పగటి వెలుతురులో మీకు చూపించాలి. క్లియర్ కోట్ ప్యానెల్ మధ్యలో ఆపకుండా అంచుల దాకా పూర్తిగా పడాలి, ఎందుకంటే మధ్యలో కలిపిన గీత కొన్నాళ్ళకు తేలుతుంది. మెటాలిక్ రంగు పక్క ప్యానెల్‌తో కలవాలంటే దాని మీదికి కొంత రంగును పలుచగా పోనిచ్చి, ఆ ప్యానెల్‌కు కూడా పూర్తి క్లియర్ వేయాల్సి వస్తుంది. అంటే ఒక డోర్ అనుకున్నది రెండు మూడు ప్యానెళ్ళ పనిగా మారవచ్చు. ఒప్పుకునే ముందే అది అడిగి తెలుసుకోవాలి. ఆ పనికి వేరే వారంటీ ఎన్నేళ్ళో కూడా అదే కాగితం మీద ఉండాలి. పరిహారంగా ఇచ్చేది ఉచిత సర్వీస్ అయినా, పొడిగించిన వారంటీ అయినా రాతలోనే ఉండాలి.

కారు తిరిగి తీసుకునేటప్పుడు మొదటి రోజు చూసినట్టే పగటిపూట, మూడు కోణాల్లో, టార్చితో మళ్ళీ చూడండి. మైనం, కోటింగ్ లాంటివి పెయింట్ తయారీదారు చెప్పిన గడువు దాకా, సాధారణంగా నెల రోజుల వరకు వేయించకుండా ఆగాలి. లోపలి ద్రావకం పూర్తిగా పోవడానికి ఆ వ్యవధి కావాలి. ఆ ప్యానెల్ మీద పీపీఎఫ్ ఫిల్మ్ వేయించుకుంటే, దాన్ని తీసేనాడు కొత్త పెయింట్ కూడా దానితో ఊడివచ్చే అవకాశం ఫ్యాక్టరీ పెయింట్ కన్నా ఎక్కువ, కాబట్టి వేసేవారికి ముందే చెప్పాలి. జాబ్ కార్డ్, పనికి ముందూ తరువాతా తీసిన ఫోటోలు, ఈమెయిళ్ళు కారు కాగితాలతో కలిపి దాచుకోండి. కారు అమ్మేనాడు కొనేవారి మీటర్ ఆ డోర్ మీద 230 చూపించినప్పుడు, అది ప్రమాదం కాదని చెప్పడానికి మీ దగ్గర ఉండేది ఆ కాగితాలే.